ఒంటాకు ఉద్యోగం

నీడలో బతికేవాళ్ళకి పేరు రాకూడదు. వస్తే ఏమవుతుందో గెడ్డవలసలో గొర్లె పైడిరత్నం పెరట్లో తేలిపోయింది.

పైడిరత్నం రిటైరైన నర్సు. ఉద్యోగంలో ఉండగా కొండమీది ఊళ్ళలో చాలాకాలం పురుళ్ళు పోసింది. అక్కణ్ణుంచి కిందికి బదిలీ అయి వస్తున్నప్పుడు ఆ ఊళ్ళ ఆడవాళ్ళు అడ్డాకు దొన్నెలో మట్టితో సహా ఒక పనస మొక్క పెట్టి ఇచ్చారు. తెచ్చి పెరట్లో బట్టలుతికే రాయి పక్కన నాటింది. అది చెట్టయి, కొమ్మలు చాపి, మిట్టమధ్యాహ్నం కూడా కింద ఎండ పడకుండా చేసింది. ఓ ఏడు రోహిణి కార్తె పోయి నాలుగు చినుకులు పడ్డాక ఆ చెట్టు కింద, రాలిన ఆకుల్లోంచి ఒక పువ్వు లేచింది. అగ్గిపుల్లంత లావు కాడ, దాని చివర తల వంచుకున్న చిన్న పువ్వు. రెక్కలు లేతాకుపచ్చ, మధ్యలో తెల్లటి నాలిక, నాలిక మీద గులాబీ గీతలు. ఎవరూ నాటలేదు. పనస మొక్కతోపాటు ఆ దొన్నెడు మట్టిలో దుంపగా వచ్చి ఉంటుంది.

ఆ పువ్వు తీరే వేరు. అది వచ్చినప్పుడు ఒక్క ఆకు కూడా ఉండదు. నాలుగు రోజులుండి వాడిపోతుంది. అది పూర్తిగా పోయాక, అదే చోట ఒకే ఒక్క ఆకు వస్తుంది. గుండ్రంగా, మడతలు మడతలుగా, నేలకి కరుచుకుని. పడని అత్తాకోడళ్ళలాగ పువ్వూ ఆకూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. దీపావళి వెళ్ళేసరికి ఆకు కూడా పండి మాయమైపోతుంది. మళ్ళీ వానలు పడేదాకా అక్కడ ఉత్త నేల. పక్క వాటాలో అప్పట్లో అద్దెకున్న బోటనీ లెక్చరరు ఒకసారి చూసి, "ఇది మన కొండల్లో పెరిగే నేల ఆర్కిడ్ అండీ. ఆర్కిడ్ అంటే పూలకొట్లో గాజు సీసాల్లో ఉండేదే కాదు" అన్నాడు. ఆ మాట పైడిరత్నం భర్త చిన్నంనాయుడికి తెగ నచ్చింది. పైడిరత్నం మాత్రం దాన్ని ఒంటాకు అనే పిలిచేది.

దాన్ని పెంచడం గురించి చెప్పాలంటే, రాలిన పనసాకులు ఊడ్చకూడదు. సబ్బునీళ్ళు అటు పోనివ్వకూడదు. ఆకు పోయాక నీళ్ళు పొయ్యకూడదు, పోస్తే కింద దుంప కుళ్ళిపోతుంది. తవ్వి చూడకూడదు, జరపకూడదు, కుండీలో పెట్టుకుందామని సరదా పడకూడదు. మొత్తం మీద దాని జోలికి పోకుండా ఉండడమే దాని పెంపకం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గాని, ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. ముఖ్యంగా ఆఫీసులవల్ల కాదు.

ఆ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రతి పట్టణమూ తనదైన ఒక వారసత్వ వృక్షజాతిని గుర్తించి, పరిరక్షించి, నివేదించాలి. గెడ్డవలస పురపాలక సంఘానికి ఇది పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. ఎందుకంటే అంతకుముందే రోడ్డు వెడల్పు చెయ్యడానికి చింతచెట్లనీ, కాలువ తవ్వడానికి నేరేడు చెట్లనీ, ఆ రెండు పనులూ ఫొటో తియ్యడానికి అడ్డొచ్చిందని ఒక రావిచెట్టునీ కొట్టించేశారు. వీధుల్లో నిటారుగా మిగిలినవి కరెంటు స్తంభాలు. వాటిని చూపించవచ్చా అని పై ఆఫీసుకి రాస్తే జవాబు రాలేదు.

ఈ పని కోసం హరిత వారసత్వ విభాగం అని కొత్తగా పెట్టి, దానికి ఏకాంబరేశ్వరరావుని అధికారిగా వేశారు. ఆయన అప్పటిదాకా ఆక్రమణల విభాగంలో ఉండేవాడు. అరుగులు కొట్టించడం, బడ్డీలు ఎత్తించడం, ప్రహరీలు ముందుకి జరిగాయో లేదో టేపు పెట్టి చూడడం ఆయన పని. మంచివాడే. లంచం అడగడు, కసురుకోడు. కాకపోతే టేపుతో కొలవకుండా దేన్నీ నమ్మడు.

ఆయన చెట్టు కోసం ఊరంతా గాలించి, దొరక్క టీకొట్టు దగ్గర ఆగిన రోజు చిన్నంనాయుడు అక్కడే కూర్చుని ఉన్నాడు. చిన్నంనాయుడు బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. ఆయన కడుపులో మాట దాగదు. "సెట్లు లేవంటారేటండి? మా పెరట్లో ఆర్కిడ్ ఉన్నాది. దాన్ని సూడాలంటే సింగపూరు విమానం ఎక్కాలి ఎవులైనా. నాను మాత్రం పళ్ళు తోవుకుంటా సూస్తాను" అన్నాడు.

టీ తాగడం పూర్తికాకముందే ఏకాంబరేశ్వరరావు పెరట్లో ఉన్నాడు.

అదృష్టమో దురదృష్టమో, అప్పుడు పువ్వుంది. ఆయన వంగి టేపు పెట్టాడు. ఎత్తు కొలిచాడు. పనస మొదలు నుంచి దూరం కొలిచాడు. పైకి చూసి, "ఎండ కొలత ఎంత?" అని అడిగాడు.

"ఎండ రాదు బాబూ ఇక్కడికి. వొస్తే అది ఉండదు" అంది పైడిరత్నం.

"ఎండ: లేదు" అని రాసుకున్నాడాయన.

రెండు రోజులు తిరక్కుండానే కమిషనర్ గారు, వెనకాల ఫొటోగ్రాఫరు, ఇద్దరు కౌన్సిలర్లు వచ్చారు. పట్టణ వారసత్వ పుష్పంగా ఇందుమూలముగా ప్రకటించడమైనదని చదివారు. పువ్వుకి శాలువా కప్పబోతే విరిగిపోతుందని పైడిరత్నం అడ్డుపడింది. తెచ్చిన శాలువా వెనక్కి తీసుకెళ్ళే పద్ధతి లేదు గనక, పువ్వు తరఫున చిన్నంనాయుడికి కప్పారు. ఆయన ఆ పూట స్నానం చేసేదాకా దాన్ని తియ్యలేదు.

బోర్డు తయారై వచ్చేసరికి వానలు ముదిరాయి. ఆ బోర్డు మంచమంత ఉంది. దానిమీద నిలువెత్తు పువ్వు బొమ్మ, కింద కమిషనర్ గారి బొమ్మ. పాతడానికి వచ్చిన ఏకాంబరేశ్వరరావు చెట్టు కింద చూసి ఆగిపోయాడు.

"పువ్వు ఏదమ్మా?"

"వాడిపోయింది బాబూ."

"మరి ఇదేంటి?"

"దాని ఆకు. ఇప్పుడే వొచ్చింది."

ఆయన బోర్డు మీది బొమ్మ చూశాడు. నేలమీది ఆకు చూశాడు. టేపు తీసి పనస మొదలు నుంచి కొలిచాడు. దూరం సరిగ్గా పోయిన నెల రాసుకున్నదే వచ్చింది. ఆయన మొహంలో వెలుగు కనిపించింది. అది పైడిరత్నానికి నచ్చలేదు.

"పువ్వున్నప్పుడు ఈ ఆకు లేదు. ఆకున్నప్పుడు పువ్వు లేదు. ఇదీ అదీ ఒకటే అనడానికి ఏంటమ్మా సాక్ష్యం?"

"సాక్ష్యమేటి బాబూ, ఏటేటా నేను సూస్తన్నాను కదా."

"నేను పదిహేనేళ్ళు ఆక్రమణల్లో చేశాను. ఒకళ్ళు ఖాళీ చేసిన స్థలంలో మర్నాడే ఎవరొచ్చి కూర్చుంటారో, కూర్చుని మేమూ వాళ్ళ తాలూకే అని ఎలా చెబుతారో నాకు తెలుసు" అన్నాడాయన, ఆకు వైపు జాలిగా చూస్తూ.

మూడోనాటికి పనసచెట్టు మొదలుకి నోటీసు అంటించి ఉంది. వారసత్వ పుష్పమునకు కేటాయించబడిన స్థలములో అనుమతి లేకుండా వెలసిన సదరు ఆకును ఏల తొలగించరాదో వారం రోజులలోగా సంజాయిషీ ఇచ్చుకోవలెను. నోటీసు ఆకు పేరునే ఉంది. ఒక ప్రతి మాత్రం ఇంటి యజమానికి సమాచార నిమిత్తం.

చిన్నంనాయుడు దాన్ని నవ్వుతూ చదివాడు. పైడిరత్నానికి నవ్వు రాలేదు. ఆకు తెంపేస్తే దుంపకి తిండి లేదు. తిండి లేకపోతే వచ్చే ఏడు పువ్వు లేదు. పువ్వుని కాపాడ్డానికే పువ్వుని చంపేస్తున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కట్టుకునే తెల్లచీర తీసి కట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

కమిషనర్ గారి గదిలో విచారణ. ఏకాంబరేశ్వరరావు నిలబడి చెప్పాడు. "రెండూ ఒకటేనని పార్టీ వాదన. నిజమైతే భూగర్భంలో సంబంధం ఉండి తీరాలి. ఆ మేరకు తవ్వి, సంబంధాన్ని బయటికి తీసి, పంచనామా చేసి, తిరిగి పూడ్చవచ్చునని నా సిఫారసు."

"తవ్వితే సచ్చిపోద్ది బాబూ!" అంది పైడిరత్నం.

"చనిపోయినా సంబంధం రుజువవుతుంది కదమ్మా. అది దానికే మంచిది."

ఆమెకి ఒళ్ళు మండింది. ఏకాంబరేశ్వరరావు మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. అందులో ఒత్తయిన జుత్తూ, మెలి తిప్పిన మీసమూ ఉన్న కుర్రాడున్నాడు. ఎదురుగా ఉన్నాయనకి ఆ రెండూ లేవు.

"ఈ ఫొటోలో ఉన్న అబ్బాయీ మీరూ ఒకళ్ళే అనడానికి ఏటి బాబూ సాక్ష్యం? మిమ్మల్ని కూడా తవ్వి సూడాలా?"

కమిషనర్ గారు దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఏకాంబరేశ్వరరావు మాత్రం నొచ్చుకోలేదు. అది న్యాయమైన ప్రశ్నే అన్నట్టు తలాడించాడు.

"నాకు సర్వీసు రిజిస్టరుందమ్మా. చేరిన నాటి నుంచి నేటి వరకు ప్రతి పేజీ అటెస్టు అయ్యుంది. జుత్తు లేకపోవచ్చు. అవిచ్ఛిన్నత ఉంది."

తరవాత కమిషనర్ గారు పెన్ను మూత తీసి, ఆ ఆఫీసులో అందరూ గొప్పగా చెప్పుకునే ఆ మాట అన్నారు.

"అయితే దానికీ ఒక సర్వీసు రిజిస్టరు తెరిచేస్తే గొడవ వదిలిపోతుందిగా?"

తెరిచారు. పేరు, ఒంటాకు. తండ్రి పేరు దగ్గర కాస్త తర్జనభర్జన జరిగితే, "పనసచెట్టని రాసీండి, పెంచింది అదే" అని చిన్నంనాయుడు తేల్చేశాడు. గుర్తింపు చిహ్నాలు, నాలికపై గులాబీ గీతలు. విద్యార్హత, లేదు. హోదా, వారసత్వ మొక్క, తాత్కాలిక ప్రాతిపదికన. హెడ్‌క్వార్టర్స్, గొర్లె వారి పెరడు. జీతం రోజుకి బిందెడు నీళ్ళు. హాజరు కోసం దోమలమందు కొట్టే మనిషి రోజూ ఉదయం వచ్చి ఫొటో తీసుకెళ్ళాలి. పువ్వుని మొదటి పేజీలోనూ ఆకుని రెండో పేజీలోనూ రాసి, నడుమ 'రూపాంతరం, అనుమతించడమైనది' అని సంతకం పెట్టారు. ఆక్రమణ నోటీసు రద్దయింది.

పైడిరత్నం తేలికపడింది. నీళ్ళబిందె వచ్చిన ప్రతిసారీ తీసుకెళ్ళి పెరటి చివరనున్న అరటిచెట్ల మొదట్లో పోసేది. ఆ ఏడు అరటిగెలలు చేతులు చాపినంత పొడుగు వేశాయి. దోమలమందు మనిషి ఆకుకి ఫొటో తీసి, పిల్లలెలా ఉన్నారని అడిగి, మజ్జిగ తాగి వెళ్ళేవాడు. ఉద్యోగం ఇంత హాయిగా ఉంటుందని తన సర్వీసులో ఏనాడూ తెలియలేదే అనుకుంది ఆమె.

దీపావళి వెళ్ళింది. ఆకు అంచుల్లో పసుపు తిరిగింది. పండింది, ఎండింది, ఒకరోజు ఉదయం లేదు.

దోమలమందు మనిషి ఉత్త నేలకి ఫొటో తీసుకెళ్ళాడు. మర్నాడూ ఉత్త నేలే. ఆఫీసులో హాజరు పట్టీ మీద ఎర్ర సిరా సున్నాలు పడ్డాయి. కొన్నాళ్ళకి చెట్టు మొదలుకి మెమో వచ్చింది. ఎట్టి సెలవు చీటీ లేకుండా, పై అధికారుల అనుమతి పొందకుండా విధులకు గైర్హాజరైనందుకు.

పైడిరత్నం మళ్ళీ తెల్లచీర కట్టింది.

"అది ఎక్కడికీ ఎల్లిపోలేదు బాబూ. అక్కడే ఉంది. నేల కింద నిద్దరోతంది" అని ఏకాంబరేశ్వరరావుకి చెప్పింది.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట బయట అనకండమ్మా. గైర్హాజరంటే మెమోతో పోతుంది. డ్యూటీ స్థలంలో నిద్ర అంటే క్రమశిక్షణ చర్య."

"పోనీ సెలవు అనుకోండి."

"ఏ సెలవు?"

సెలవుల పుస్తకం తెరిచాడు. క్యాజువల్ సెలవు చాలదు. ఆర్జిత సెలవు ఇంకా ఆర్జించలేదు. అనారోగ్యమంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. పైడిరత్నానికి తన పాత ఉద్యోగం గుర్తొచ్చింది. నేల కింద దుంప ఈ నెలల్లోనే పక్కన పిల్లదుంపలు వేస్తుంది. అంటే ఇది పురిటి సెలవే కదా. తను ఎన్ని పురుళ్ళు పోసిందో లెక్కలేదు, దీనికి సంతకం పెట్టలేదా? ఆ మాటే పైకి అనేసింది.

ఏకాంబరేశ్వరరావు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఆయనకి నిజంగానే సాయం చెయ్యాలని ఉంది. "ప్రసూతి సెలవుకి భర్త పేరు ఉండాలమ్మా" అన్నాడు చివరికి. "పైగా పర్మినెంటు వాళ్ళకే."

ఫైలు కమిషనర్ గారి బల్ల మీదికి వెళ్ళింది. గైర్హాజరుకి కారణాలు పరిశీలించగా, సదరు ఉద్యోగి వెలుతురు లేని, పర్యవేక్షణకు అందని మారుమూల స్థానంలో పనిచేయుచుండుటయే మూలమని తేలింది. కనుక ఆఫీసు ముందున్న ఫౌంటెన్ పక్క గుండ్రటి పూలమడిలోకి, కెమెరా కింద, పూర్తి ఎండలోకి, వేళ్ళతో సహా బదిలీ చేయడమైనది. వచ్చే సోమవారం ముహూర్తం.

ఆ ఉత్తర్వు చదివి పైడిరత్నం గుమ్మంలో కూలబడింది.

ఆ పూలమడి ఆమెకి తెలుసు. దానిలో ఏటా గులాబీలు నాటుతారు, ఏటా ఎండిపోతాయి. ఫౌంటెన్‌లో నీళ్ళుండవు, మడిలో మాత్రం సిమెంటు తట్టలు కడిగిన నీళ్ళు నిలుస్తాయి. సోమవారం గునపం దిగితే దుంప ముక్కలవుతుంది. ముక్కలవకపోయినా ఆ ఎండలో ఒక్క వారం బతకదు.

"అంతా నీవొల్లే" అంది భర్తతో. "సింగపూరు, విమానం! అది నీకేటి సేసిందయ్యా? ఏ మూలనో దాని బతుకు అది బతుకుతంటే తీసికెళ్ళి టీకొట్టులో పెట్టేవు. ఆ శాలువా కప్పుకుని ఊరేగేవు. పో, సోమారం గునపం కూడా నువ్వే పట్టుకో."

చిన్నంనాయుడు సంజాయిషీ చెప్పబోయి మానేశాడు. పెరట్లోకి వెళ్ళి ఆ ఉత్త నేల ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. ఆయన తల దించుకుని కూర్చోవడం పైడిరత్నం పెళ్ళయ్యాక రెండుసార్లే చూసింది. ఆ రెండుసార్లూ ఆయన్ని డిపోలో సస్పెండు చేసినప్పుడే.

లోపలికి వచ్చినప్పుడు మాత్రం ఆయన తల పైకే ఉంది.

"రత్నం, నన్ను పార్వతీపురం డిపోకి ఏసీనారని ఓపాలి ఏడ్సేవు, గేపకం ఉందా?"

"ఉంది. ఎల్లలేదు కదా నువ్వు."

"ఎందుకెల్లలేదు? ఆర్డరొచ్చిన మర్నాడే మా డ్రైవరు సింహాద్రి నా మీద పిటిషనేసీనాడు. నేనే ఎయ్యమన్నాను. సస్పెండు సేసీనారు. ఇంక పార్వతీపురం లేదు, గీర్వతీపురం లేదు. ఎంక్వైరీ తేలేదాకా హెడ్‌క్వార్టర్స్ ఇడిసి కదలకూడదు. సస్పెన్సన్లో ఉన్నోడిని దేవుడైనా ట్రాన్స్‌ఫర్ సెయ్యలేడు."

పైడిరత్నం ఆయన వైపు అలాగే చూసింది. "అప్పుడు నీ మీద నువ్వే పిటిషనేయించుకున్నావా? నేను మొక్కని దేవుళ్ళు లేరు కదయ్యా ఆ ఏడు!"

"అది తరవాత తిట్టు. కాయితం తియ్యి."

ఆకాశరామన్న ఉత్తరం రాయడం ఆమె జన్మలో అదే మొదలు. దస్తూరీ పోల్చకుండా ఎడమచేత్తో రాసింది. అభియోగాలు చిన్నంనాయుడు చెప్పాడు. ఆయనకి అవి కొట్టినపిండి. ఒంటాకు అను ఉద్యోగి పువ్వు పేరిట ఒకసారి, ఆకు పేరిట ఒకసారి ఒకే పోస్టులో ఇద్దరిగా చలామణీ అవుతున్నాడు. నెలల తరబడి డ్యూటీకి రాకుండానే జీతం నీళ్ళు తీసుకుంటున్నాడు. ఆ నీళ్ళని అరటితోటకి అక్రమంగా మళ్ళిస్తున్నాడు. ఇటువంటి వారి వల్ల నీతిగా పనిచేసే మొక్కలకి చెడ్డపేరు. ఇట్లు, ఒక పౌరుడు.

"మూడోది నిజమేనయ్యా" అంది పైడిరత్నం.

"ఒక్క నిజమైనా ఉండాలి. లేపోతే నమ్మరు."

పాపం దుంప నేల కింద ఒత్తిగిలి పడుకుని ఉండగా తను దాని మీద ఇన్నేసి చాడీలు రాస్తున్నందుకు ఆమెకి నవ్వూ వచ్చింది, కళ్ళంట నీళ్ళూ వచ్చాయి. చీరకొంగుతో రెండూ తుడుచుకుని కవరు అంటించింది.

సోమవారం ఉదయం గునపాలతో ఇద్దరు మనుషులు, తోపుడుబండి మీద ఒక సిమెంటు తొట్టె, వెనకాల ఏకాంబరేశ్వరరావు వచ్చారు. ఆకు లేదు, పువ్వు లేదు. ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియదు. ఆయన టేపు తీసి, పనస మొదలు నుంచి కొలిచి, సున్నంతో ఒక గుండ్రం గీశాడు. గుండ్రం సరిగ్గా దాని మీదే పడింది. పైడిరత్నం కళ్ళు మూసుకుంది. ఉత్తరం అందలేదు, అందినా ఎవరూ విప్పలేదు, విప్పినా నమ్మలేదు అనుకుంది. ఒకతను గునపం పైకెత్తాడు.

అప్పుడే ఆఫీసు బంట్రోతు సైకిలు దిగి, ఆయాసపడుతూ ఒక కాగితం ఇచ్చాడు. ఏకాంబరేశ్వరరావు చదివాడు. మొదటి వాక్యానికే చెయ్యెత్తాడు.

"ఆపండి! తీవ్రమైన అభియోగాలు అందినందున సదరు ఉద్యోగిని తక్షణం సస్పెండు చేయడమైనది. విచారణ ముగిసే వరకు హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్ళరాదు." కాగితం మడిచి గునపం వాళ్ళ వైపు తిరిగాడు. "అంగుళం కూడా జరపకూడదు. జరిపితే మన మీద కేసు."

గునపం ఎంత ఎత్తుకి లేచిందో అంత ఎత్తులోనే కాసేపు ఆగి, మెల్లగా పక్కకి దిగింది. ఖాళీ తొట్టెతో బండి వెనక్కి వెళ్ళింది. ఏకాంబరేశ్వరరావు వెళుతూ వెళుతూ, "ఇంత చిన్న మొక్క ఇలాంటిదని ఎవరనుకుంటారమ్మా" అన్నాడు బాధగా.

సస్పెన్షన్‌లో జీవనభృతి సగమే గనక ఆ మర్నాటి నుంచి సగం బిందె నీళ్ళు వచ్చాయి. అరటిచెట్లు ఊరుకున్నాయి. బోర్డు మీది పువ్వు బొమ్మ మీద 'సస్పెన్షన్‌లో ఉన్నది' అని పట్టీ అంటించారు. టీకొట్టు దగ్గర అడిగినవాళ్ళకి చిన్నంనాయుడు, "మా వాడి మీద ఎంక్వైరీ నడుస్తంది" అని మాత్రమే చెప్పేవాడు. ఆయనకి అంతకన్నా చెప్పాలని నాలిక పీకేది. పైడిరత్నం మొహం గుర్తొచ్చి గొంతులోనే మింగేసేవాడు. ఎండలు వచ్చాయి, ముదిరాయి. విచారణ రెండుసార్లు వాయిదా పడింది. ఉద్యోగి హాజరు కాలేదన్నదే కారణం.

రోహిణి కార్తె వెళ్ళింది. ఒక సాయంత్రం వాన కురిసింది. ఆ వారంలోనే ఒక ఉదయం పైడిరత్నం బట్టలు ఉతకడానికి వెళ్ళి చేతిలో బకెట్టు చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయింది. పనసాకుల్లోంచి అగ్గిపుల్లంత కాడ. దాని పక్కనే ఇంకో రెండు. మూడు పువ్వులు తలలు వంచుకుని ఉన్నాయి. పురుడు నిజమే. సంతోషంతో ఆమెకి గట్టిగా అరవాలనిపించింది. ఎవరి పేరు పెట్టి పిలవాలో తెలియక, "వొచ్చేరా నాయినా, వొచ్చేరా" అంది మెల్లగా.

గేటు చప్పుడైంది. ఏకాంబరేశ్వరరావు చంకలో ఫైలుతో, చేతిలో టేపుతో లోపలికి వస్తున్నాడు. మూడో విడత విచారణ.

పువ్వు కనబడిందంటే ఉద్యోగి డ్యూటీలో చేరినట్టు. చేరితే సస్పెన్షన్ ఎత్తేస్తారు. ఎత్తేస్తే బదిలీ ఉత్తర్వు అలాగే ఉంది. ఫౌంటెన్ అక్కడే ఉంది. బకెట్టు బోర్లించి మూసేద్దామంటే కాడలు విరిగిపోతాయి. అడ్డంగా నిలబడితే ఆయన పక్కకి వచ్చి చూస్తాడు.

ఆయన పక్కకి వచ్చి చూశాడు.

వంగాడు. మొదటిసారి వచ్చినప్పుడు వెంటనే టేపు పెట్టిన మనిషి, ఈసారి పెట్టలేదు. మోకాళ్ళ మీద చేతులానించి, ఆ గులాబీ గీతల్ని చాలాసేపు చూశాడు. నిరుడు ఎత్తే రాసుకున్నాడు తప్ప వాటిని చూసినట్టు లేదు.

"ఇది మన సస్పెండైన ఉద్యోగే కదమ్మా?" అన్నాడు.

పైడిరత్నం చేతులమీదుగా ఎంతమంది పిల్లలు పుట్టారో, ఒక్కర్నీ ఆమె 'నాకు తెలీదు' అనలేదు. తాగుబోతు తండ్రులు కాదన్న పిల్లల్ని కూడా తనే ఎత్తుకుని 'ఈడి మొహం సూడు, నీ మొహమే' అని చూపించిన మనిషి.

"ఎవులో నాకు తెలీదు బాబూ. మా వోడు ఒక్కడు. ఇవి మూడున్నాయి. ఇదీ అదీ ఒకటే అనడానికి ఏటి సాక్ష్యం?"

వెనకాల గుమ్మంలో చిన్నంనాయుడు ఫొటో తియ్యడానికి ఫోను పైకెత్తాడు. ఆ మాట విని జేబులో పెట్టేసుకున్నాడు.

ఏకాంబరేశ్వరరావు ఆమె వైపు చూశాడు. తన మెడలో వేలాడే కార్డు వైపు ఒకసారి చూసుకున్నాడు. ఉతికే రాయి మీద కూర్చుని, ఫైలు తెరిచి, రాస్తూ పైకే చదివాడు. "విచారణ స్థలమును స్వయంగా తనిఖీ చేయగా సంబంధిత ఉద్యోగి కనబడలేదు. గుర్తు తెలియని పువ్వులు మూడు ఉన్నవి. సదరు పువ్వులకు ఈ కార్యాలయముతో ఎట్టి సంబంధము లేదు. విచారణ కొనసాగించవచ్చును."

సంతకం పెట్టాడు. టేపు జేబులో వేసుకున్నాడు. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఎన్నాళ్ళుంటాయమ్మా ఇవి?"

"నాలుగ్రోజులు బాబూ."

"బాగున్నాయి" అన్నాడు. ఇంకేదో అనబోయి, వీధి వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పకండి."

ఆయన వెళ్ళాక పైడిరత్నం లోపలికి వెళ్ళి, పెట్టె అడుగున ఉన్న శాలువా తీసింది. జరీ అంచు ఇంకా నలగలేదు. దాన్ని తడిపి, పిండి, వీధి వైపు తీగ మీద నిండా పరిచి ఆరేసింది. ఇప్పుడు గేటు దగ్గర ఎవరు నిలబడి చూసినా శాలువా తప్ప ఇంకేమీ కనిపించదు.